నీలం గీత

నవంబర్ 3, సోమవారం

చాలా ఏళ్ళ తర్వాత డైరీ పట్టాను. అక్షరం కుదురుగా పడితే చెయ్యి కుదురుగా ఉన్నట్టే. పడుతోంది. ‘ళ’ కాస్త పక్కకి ఒరిగింది కానీ నా ‘ళ’ చిన్నప్పట్నుంచీ అంతే.

కొత్త పని ఇవాళ మొదలుపెట్టాం. క్వార్టర్ల వెనక ప్రహరీ పొడవునా ఎండు చెట్లు. బెరడు కింద పురుగు దూరి వరసకి వరసే చచ్చిపోయింది. గాలుల కాలం రాకముందే అన్నీ దించేయాలట. ప్రహరీకీ మురుగుకాలవకీ మధ్య ఇరుకు దారి, క్రేను లోపలికి రాదు. అంటే ఎక్కి దించాల్సిందే. తాడు కట్టుకోవడానికి పక్కన బతికున్న చెట్టు ఒక్కటన్నా లేదు. కొయ్యాల్సిన చెట్టుకే మనిషి వేలాడాలి.

ఆఫీసాయన అడిగాడు, “ఎండినవి కదా, తేలిగ్గా ఉంటాయి, సులువేగా?” అని. ఆయన్ని ఏమనాలి? పచ్చి కొమ్మ విరిగేముందు వంగుతుంది, మూలుగుతుంది, దిగడానికి నాలుగు క్షణాలు టైమిస్తుంది. ఎండింది చెప్పాపెట్టకుండా పోతుంది. ఆ మాటే చెప్పాను. తల ఊపి కారెక్కాడు.

మొదటి కొన్ని చెట్లకి పరీక్ష అయింది. నిచ్చెన మీద నేను, కుడిచేతిలో కొయ్యసుత్తి, ఎడమ అరచెయ్యి మానుకి అవతలి పక్క. గట్టి మానయితే దెబ్బకి అరచేతిలో జిల్లుమంటుంది. డొల్లయితే ఏమీ రాదు. జిల్లు ఎక్కడ ఆగిందో అక్కడ నీలం సుద్దతో చుట్టూ గీత. గీత కింద మనిషి తాడు కట్టి వేలాడొచ్చు. గీత పైన పిట్ట వాలినా దాని ఖర్మ. ఆ పై భాగాన్ని నేల మీంచే తాడేసి లాగి విరిచేస్తాం. చాలామంది చెవితో వింటారు. చెవిని రోడ్డు మోత మోసం చేస్తుంది. చెయ్యి మోసం చెయ్యదు.

ఈసారి రంపం పట్టి ఎక్కేది బావమరిది. ఇదివరకు వంతులవారీగా ఎక్కేవాళ్ళం. నాకు మోకాలు సతాయిస్తోంది, అంతే.

నవంబర్ 4

చెయ్యి బాగానే ఉంది. పొద్దున చలికి వేళ్ళు కాస్త తెల్లబడ్డాయి. రంపం పట్టేవాళ్ళందరికీ అదే.

నవంబర్ 6

కొత్త చొక్కా కుట్టినవాడు గుండీల కాజాలు మరీ ఇరుకుగా పెట్టాడు. పొద్దున ఎంతసేపు తంటాలుపడ్డానో. చివరికి మా ఆవిడ వచ్చి చకచకా పెట్టేసింది. “కాజాలు బాగానే ఉన్నాయే,” అంది. ఆడవాళ్ళ వేళ్ళు సన్నం, బాగానే ఉంటాయి మరి.

సాయంత్రం చెయ్యి కడుక్కుంటుంటే మళ్ళీ ఆవిడే పట్టుకుంది. “ఇదేమిటండీ, వేలినిండా ఇంత పేడు దిగితే తెలియలేదా?” నిజంగానే చూపుడువేలి చివర చీపురుపుల్లంత చెక్కపేడు. “ఇవి మనుషుల వేళ్ళా, మానువేళ్ళా?” అని సూది పెట్టి తీసింది. ఇన్నేళ్ళ పనికి చర్మం మొద్దుబారింది. మంచిదే, లేకపోతే రోజూ ఏడవాలి.

నవంబర్ 10, సోమవారం

ఇవాళ రెండు చెట్లు దించాం, ఒక్క పెచ్చు కూడా గోడ దాటలేదు. గీత పెట్టినంత మేరా మాను రాయిలా నిలబడింది. కోసిన ముక్కలు చూశాను, గీత కింద చెక్క తెల్లగా, బిగువుగా ఉంది. గీత పైన పిండి. సరిగ్గా గీత దగ్గరే తేడా. బావమరిది ముక్క చేతిలో పట్టుకుని, “బావా, నువ్వు చెట్టు నాడి చూస్తావా, జాతకం చూస్తావా?” అన్నాడు. నాకు డాక్టర్ బావ అని పేరుపెట్టింది వాడే, ఇప్పుడు ఆఫీసులో కూడా అదే పిలుపు. నిచ్చెన ఎక్కగానే కింద నుంచి, “డాక్టరుగారు వచ్చారు, పేషెంట్లు కదలొద్దు,” అని అరుస్తాడు. పేషెంట్లందరూ ఎప్పుడో పోయారు, కదిలేది వీడి నోరొక్కటే.

నా పెళ్ళినాటికి వీడు నిక్కర్ల మీద తిరుగుతున్నాడు. అప్పట్నుంచీ నా తోకే. పనిలోకి తెచ్చింది నేను, బెల్టు కట్టుకోవడం నేర్పింది నేను. ఆవిడ ఆరోజే అంది, “వాడికేమన్నా అయితే మీదే పూచీ,” అని. ఇన్నేళ్ళలో వాడికి ఒక్క గీరుడు పడలేదు.

అమ్మాయి మాకన్నా ముందే పనిచోటుకి పోతోంది. కింద తాడు పట్టేది అదే, తాళ్ళు సర్దాలట. ఈ మధ్య దానికి శ్రద్ధ ఎక్కువైంది, ఎవరి కూతురు మరి. మోచెయ్యి దగ్గర చొక్కా అంతా నీలం. “ఏమిటే అది?” అన్నాను. “సుద్ద డబ్బా సంచీలో ఒలికింది నాన్నా,” అంది. నా సుద్ద ఎందుకు ముట్టుకున్నావని కేకలేశాను. ఏమీ అనలేదు. మాటకి మాట జవాబు చెప్పే పిల్ల ఏమీ అనకపోతే ఏదోలా ఉంది.

నవంబర్ 12

చెయ్యి బాగానే ఉంది. వేడి స్టీలు గ్లాసు పట్టుకుని కబుర్లలో పడ్డాను, వేళ్ళు బొబ్బలెక్కాయి. పరధ్యానం.

నవంబర్ 13

అన్నం దగ్గర అమ్మాయి మొదలుపెట్టింది. చెట్టు లోపలి డొల్ల చూపించే మిషన్ ఒకటి వచ్చిందట, సన్నటి సూది మానులోకి దింపితే గీత కాగితం మీద వస్తుందట. ఆఫీసుని అడుగుదామట.

“నా చెయ్యి ఉండగా సూది దేనికి?”

“చెయ్యి అలిసిపోతుంది కదా నాన్నా.”

“ఎవరన్నారు?”

“ఎవరూ అనలేదు. ఓసారి డాక్టరుకి చూపించొచ్చు కదా అని.”

“నేనే డాక్టర్ని,” అన్నాను. ఆవిడ నవ్వింది. అమ్మాయి నవ్వలేదు. కంచంలో చెయ్యి కడిగేసి లేచిపోయింది. వెనకాలే వెళ్దామనుకున్నాను, వెళ్ళలేదు.

అయినా రుజువు ఎదురుగా ఉంటే ఇంకేం కావాలి? వరసలో సగం దించేశాం. ఒక్క చెట్టూ నా చేతిని అబద్ధం చెయ్యలేదు. చేతికి జిల్లు రాకపోతే ఇవన్నీ ఎలా కుదిరాయి? జిల్లు వస్తోంది. ఇదివరకటంత గట్టిగా రావడం లేదు కానీ వస్తోంది. రాకపోయినా ఎక్కడ ఆగి ఉంటుందో నాకు తెలుస్తుంది. అనుభవం అంటే అదే.

నవంబర్ 18, మంగళవారం

రేపు అమ్మాయికి క్రేన్ లైసెన్సు పరీక్ష. పొద్దుటి బస్సుకే ఊరు దాటి పోవాలి. సాయంత్రం నించీ నా వెనక తిరుగుతోంది.

“రేపు మానేద్దాం నాన్నా. ఎల్లుండి నేనొచ్చాక చేద్దాం.”

“ఆఫీసాయన గాలులంటూ ప్రాణం తీస్తున్నాడు. మూలమీది చెట్టు రేపు దిగాలి.”

“దానికి గీత పెట్టావా?”

“రేపు పొద్దున పెడతాను.”

“నేనొచ్చాక పెట్టు నాన్నా.”

“నువ్వొచ్చి నా చెయ్యి పట్టుకుని గీయిస్తావా?” అన్నాను. గట్టిగానే అన్నాను. వాళ్ళమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. అమ్మాయి నోరు తెరిచి, ఏదో అనబోయి, నా మొహం చూసి ఊరుకుంది. తర్వాత పరీక్ష మానేస్తానంది. ఆవిడ ఒప్పుకోలేదు, నేనూ తిట్టాను. భవిష్యత్తు అంతా ఆ లైసెన్సులో ఉంది. ఎల్లకాలం కొమ్మలు పట్టుకు వేలాడుతుందా?

నవంబర్ 19

విరిగింది.

నవంబర్ 20

బతికున్నాడు.

నవంబర్ 22

రాస్తే తేలికవుతుందని కాదు. ఎక్కడో ఒకచోట వరసగా పెట్టాలి.

పొద్దున చలి ఎక్కువగా ఉంది. మూలచెట్టుకి నిచ్చెన వేశాను. కింద నుంచి మొదలుపెట్టి కొట్టుకుంటూ పోయాను. చెయ్యి పెట్టాను. అటుపక్కా ఇటుపక్కా కొట్టాను. మొదటి పెద్ద చీలిక కిందుగా గీత గీశాను. గీత సరిగానే పెట్టాను.

బావమరిది బెల్టు బిగించుకుంటూ, “అమ్మాయి రేపొస్తుందిగా బావా, కింద తాడు పట్టేవాళ్ళు ఇంకొకరుంటే బాగుండు,” అన్నాడు. అంతే అన్నాడు. నాకే ఎక్కడో గుచ్చుకుంది. “ఏరా, నా చెయ్యి మీద నమ్మకం పోయిందా?” అన్నాను. వాడు నవ్వేశాడు. “నీ చెయ్యి మీదే కదా బావా ఇన్నేళ్ళూ వేలాడింది,” అని ఎక్కేశాడు.

పైన పిండిపట్టిన భాగాన్ని ముందే లాగి పడగొట్టాం. గీత దగ్గరికి చేరి మానుకి తాడు చుట్టాడు. వెనక్కి వాలి బరువు వేసి చూసుకున్నాడు, నేర్పినట్టే. రంపం ఇంకా స్టార్ట్ చెయ్యలేదు. నా వైపు చూసి ఏదో జోకు వెయ్యబోయాడు, పెదవి కదిలింది. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. మాను వాడితో పాటే వచ్చింది.

మురుగుకాలవ గట్టు మీద వెల్లకిలా పడ్డాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. “బావా, నా కాళ్ళ మీద మాను పడిందా?” అన్నాడు. కాళ్ళ మీద ఏమీ లేదు.

ముక్కలు చెల్లాచెదురుగా పడ్డాయి. నీలం ఏ ముక్క మీద ఉందో నేను వెదకలేదు.

నవంబర్ 23

నడుము దగ్గర ఎముక నలిగిపోయిందన్నారు. లోపలి నరం గురించి ఇప్పుడే చెప్పలేమన్నారు. ఆవిడ ఆసుపత్రిలోనే ఉంది. అమ్మాయి పరీక్ష పాసైంది.

నవంబర్ 25, మంగళవారం

ఆఫీసాయన ఇంకొకర్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికొచ్చాడు. రిపోర్టు రాయాలట. మంచం చుట్టూ మేమందరం నిలబడ్డాం. బావమరిది మంచంలో చదునుగా, మెడకి పట్టీ, కళ్ళు మాత్రం కదుపుతున్నాడు.

“గీత ఎక్కడుంది?” అని అడిగాడు వచ్చినాయన.

“నా గుండెకెదురుగా ఉందండీ. తాడు దాని కిందే కట్టాను.”

“మరి గీత కింద గట్టిగా ఉంటుంది కదా. ఎలా విరిగింది?”

వాడు చాలాసేపు పైకప్పు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నానో లేదో గుర్తులేదు.

“అయితే నేనే దాటుంటానండీ,” అన్నాడు. “మా బావ చెయ్యి తప్పదు. నేనే చూసుకోకుండా దాటి కట్టుంటాను. పడ్డాక తల పనిచెయ్యట్లేదు, ఏది ముందో ఏది వెనకో.”

వచ్చినాయన రాసుకున్నాడు.

నవంబర్ 26

నేనేమీ అనలేదు. అవుననలేదు, కాదనలేదు.

నవంబర్ 27

వాడు దాటే ఉండొచ్చు. కింద నుంచి చూస్తే గీత ఎత్తు సరిగ్గా తెలియదు. వాడిది ఎప్పుడూ కొంచెం తొందర. ఒకసారి హెల్మెట్ మరిచిపోయి ఎక్కాడు కూడా. దాటే ఉంటాడు.

నవంబర్ 28

ఆవిడ తమ్ముణ్ణి తిట్టింది. తడిగుడ్డతో మొహం తుడుస్తూనే తిట్టింది. “ఎన్నిసార్లు చెప్పారురా నీకు ఈయన, గీత దాటొద్దని. చిన్నప్పుడూ అంతే, గోడెక్కొద్దంటే గోడే ఎక్కేవాడివి. ఇప్పుడు చూడు.” వాడు, “తప్పైంది అక్కా,” అన్నాడు. “బావకి చెడ్డపేరు తెచ్చాను.”

బయటికొచ్చి వరండాలో నిలబడ్డాను. ఆవిడ వచ్చి నా భుజం మీద చెయ్యివేసి, “మీరేం చేస్తారు, మీరు చెయ్యాల్సింది చేశారు,” అంది.

తప్పు వాడిదే అని తేలితే ఈ నెలాఖరు తర్వాత వైద్యం కంపెనీ చూడదట. ఇది ఆఫీసాయన చెవిలో చెప్పినట్టు చెప్పి పోయాడు.

నవంబర్ 30

చెయ్యి

డిసెంబర్ 1, సోమవారం

మిగిలిన తాళ్ళు తెచ్చుకుందామని పనిచోటుకి వెళ్ళాను. ఎవరూ లేరు. మూలచెట్టు మోడు ఒక్కటే, దాని చుట్టూ పోలీసు రిబ్బను. అటు పోలేదు. ఇటుపక్క ఇంకా దించాల్సినవి ఉన్నాయి. అమ్మాయి పరీక్షకి రెండ్రోజుల ముందే వాటికి గీతలు పెట్టాను కదా, చూద్దామని వెళ్ళాను.

మొదటిదాని గీత నేను పెట్టినచోట లేదు. మూరెడు కింద ఉంది.

మతిమరుపనుకున్నాను. నా గీత పైన బొడిపె పక్కనుంచి పోయినట్టు బాగా గుర్తు. నిచ్చెన తెచ్చి ఎక్కాను. బొడిపె పక్కన బెరడు తడిగుడ్డతో తుడిచినట్టుంది. తుడిస్తే పైది పోతుంది, పగుళ్ళలోది పోదు. పగుళ్ళ లోపల నీలం, సన్నగా, చుట్టూ. నాది. కింది గీత చెయ్యి వేరు, నాలాగా ఒక్క ఊపున పోలేదు, ఆగి ఆగి గీసింది.

రెండోదాని మీద కూడా అంతే. మూడోదాని మీద కూడా.

కొయ్యసుత్తి సంచీలోనే ఉంది. రెండు గీతల మధ్య కొట్టాను. చెయ్యి పెట్టలేదు, చెవి ఆనించి విన్నాను. రోడ్డు మీద బండ్లేవీ లేవు. డొల్ల. మూడు చెట్లూ. నా గీతకి కిందంతా డొల్ల, ఆ రెండో గీత దాకా.

ఇన్నాళ్ళూ గీత దగ్గరే చెక్క తెల్లగా ఉందని మురిసిపోయాను. అది నా గీత కాదు.

మూలచెట్టు ఒక్కదానికే రెండో గీత లేదు. ఆ పొద్దున అమ్మాయి బస్సులో ఉంది.

నిచ్చెన దిగడానికి చాలాసేపు పట్టింది. మోకాలు కాదు. మోకాలికి ఏమీ లేదు, ఎప్పుడూ లేదు.

డిసెంబర్ 2

అమ్మాయిని వెనకపెరట్లో అడిగాను. తాళ్ళు ఆరేస్తోంది.

“ఎప్పుడు తెలిసింది?”

దేన్ని గురించి అని అడగలేదు. “మొదటిరోజే నాన్నా. అరచెయ్యి మానుకి పెట్టి కొడుతున్నావు, సుత్తి జారి నీ వేలి మీదే పడింది. నువ్వు చెయ్యి తియ్యలేదు. అబ్బా అని కూడా అనలేదు. అలాగే తరవాతి దెబ్బ వేశావు.”

నాకు ఆ దెబ్బ గుర్తే లేదు.

“ఎందుకు చెప్పలేదే?”

“ఎలా చెప్పను? నీ చెయ్యి పోయిందని నేనెలా చెప్పను నాన్నా?” తాడు పట్టుకుని అలాగే నిలబడింది. “ఈ పని అయిపోతే నిన్ను ఎక్కనివ్వకుండా ఏదో ఒకటి చేద్దామనుకున్నా. అందుకే లైసెన్సు. అందుకే సూది మిషన్. ఈ ఒక్క వరసకి నేను ముందెళ్ళి సరిచేసుకుంటే చాలు, నీకు తెలియకుండా అయిపోతుందనుకున్నా. నీ పరువు పోకుండా. నేను దిద్దుతున్న కొద్దీ నీకు నమ్మకం పెరుగుతోందని నాకు తట్టలేదు.”

తర్వాత ఏడ్చింది. చిన్నప్పుడు పడి మోకాలు గీరుకుంటే ఏడ్చినట్టు, నోరు తెరిచి, సిగ్గులేకుండా. నేను దగ్గరికి వెళ్ళలేకపోయాను. దాని మీద కోపం వచ్చింది, అది కూడా రాయాలి. ఒక్కసారి నా మొహాన చెప్పి ఉంటే వాడు ఇవాళ నిలబడి ఉండేవాడు. చెప్పి ఉంటే నేను ఏం చేసేవాణ్ణి? చెంప పగలగొట్టేవాణ్ణి. అది దానికి తెలుసు.

“రేపు ఆఫీసుకెళ్ళి చెప్తాను,” అంది. “నాకు తెలిసీ ఊరుకున్నానని.”

“నీ లైసెన్సు పోతుంది.”

“మావయ్య కాళ్ళు పోయాయి.”

“ముందు నేను చెప్పాలి,” అన్నాను. “వాడికి. ఆఫీసుకి కాదు, ముందు వాడికి.”

“ఎప్పుడు?”

రేపు అన్నాను.

డిసెంబర్ 3

వెళ్ళలేదు. ఆసుపత్రి గేటు దాకా వెళ్ళి పళ్ళు కొనుక్కుని వెనక్కొచ్చాను.

డిసెంబర్ 4, గురువారం

ఆవిడ స్నానానికని ఇంటికొచ్చింది. ఆ సందులో వెళ్ళాను.

నేను వెళ్ళేసరికి డాక్టరు వాడి పాదాల దగ్గర ఉన్నాడు. సూదిమొన తగిలిస్తూ అడుగుతున్నాడు. “ఇక్కడ తెలుస్తోందా?” “లేదండీ.” “ఇక్కడ?” “లేదు.” మోకాలి దాకా వచ్చాడు, తొడ దాకా వచ్చాడు. వాడు పైకప్పు చూస్తూ ప్రతిసారీ లేదు, లేదు అంటున్నాడు, బళ్ళో హాజరు పిలుస్తుంటే పక్కవాడి తరఫున చెప్తున్నట్టు. డాక్టరు దుప్పటి కప్పి, ఇంకా సమయం ఉంది, ఇంకా చూడాలి అని వెళ్ళిపోయాడు.

మేమిద్దరమే మిగిలాం. వాడే మాట కలిపాడు.

“డాక్టర్ బావా, వీళ్ళకేం తెలుసు. నువ్వు చూడు. నీ అరచెయ్యి పెట్టి చూడు, ఎక్కడిదాకా గట్టిగా ఉన్నానో. అక్కడ గీత గియ్యి.” నవ్వుతూనే అన్నాడు. నవ్వు సగంలోనే ఆగింది. “నిజంగా చూడు బావా. నువ్వు చెప్తే నమ్ముతాను.”

మంచం పక్క తెరకి పిన్నీసులు పెట్టి ఉన్నాయి. ఒకటి ఊడదీశాను. ఎడమచెయ్యి వాడికి కనిపించేలా పైకెత్తాను. చూపుడువేలి కొసలో గుచ్చాను. మధ్యవేలి కొసలో గుచ్చాను. నేను నా వేళ్ళు చూడలేదు, వాడి మొహమే చూస్తున్నాను. గుచ్చిన ప్రతిసారీ వాడి మొహం ముడుచుకుంది. అలా తెలిసింది నాకు, లోపలికి దిగుతోందని. దుప్పటి మీద రక్తం చుక్కలు పడ్డాయి.

“ఆపు బావా,” అన్నాడు.

ఆపాను.

“ఎప్పట్నుంచి?”

“పోయిన చలికాలం నుంచి. ఈ ఏడు ఇంకా ఎక్కువైంది.”

“మరి ఆ చెట్టు మీద చెయ్యి పెట్టావు కదా. ఏం తెలిసింది?”

“ఏమీ తెలియలేదురా. చెయ్యి మానుని తాకినట్టు కూడా తెలియలేదు. అలవాటుగా గీశాను.”

వాడు కళ్ళు మూసుకున్నాడు. వరండాలో ట్రాలీ ఒకటి చక్రం కీచుమంటూ పోయింది.

“అయితే నేను గీత దాటలేదు.”

“దాటలేదు. గీత నీ గుండెకెదురుగా ఉంది. తాడు దాని కిందే కట్టావు. నేను చూశాను. నువ్వు చెప్పిందే నిజం.”

“పదిహేను రోజుల్నించీ పిచ్చెక్కుతోంది బావా నాకు. కళ్ళు మూస్తే చాలు గీత కనిపిస్తోంది, ఎదురుగా, ఇంత దగ్గర. మరి నీ చెయ్యి తప్పదు కదా. అందుకని నా కళ్ళదే తప్పనుకున్నాను. కాళ్ళు పోతే పోయాయి, బుర్ర కూడా పోయిందనుకున్నాను. అక్కతో అనలేదు, భయపడుతుందని.”

నేను ఏదో అన్నాను. క్షమించమనే అన్నట్టున్నాను. వాడు వినలేదు. రెండు చేతులూ మొహం మీద పెట్టుకుని ఏడ్చాడు. పై సగమే కదులుతోంది. దుప్పటి కింద కాళ్ళు వేరేవాళ్ళవైనట్టు కదలకుండా పడి ఉన్నాయి.

చాలాసేపటికి చేతులు తీశాడు.

“నువ్వు ఇక్కడ కూర్చోకు బావా. లే.”

లేచాను.

“రేపట్నుంచి రాకు. అక్కని పంపు.”

బావా అనే అన్నాడు. ఇంకేదన్నా అని ఉంటే బాగుండేది.

డిసెంబర్ 5

అమ్మాయీ నేనూ ఆఫీసుకెళ్ళి చెప్పాం. వాడు గీత దాటలేదని ముందు అదే రాయించాను. తర్వాత నా చెయ్యి సంగతి. అమ్మాయి తన సంగతి తనే చెప్పుకుంది, నా వెనక నిలబడి కాదు, పక్కన నిలబడి. ఆఫీసాయన కలం పట్టుకుని ఎటూ తోచక మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. సోమవారం పైవాళ్ళ ముందు మళ్ళీ చెప్పాలి. వాడి వైద్యం ఆగదన్నాడు. మా ఇద్దరి సంగతి మాత్రం తన చేతిలో లేదన్నాడు.

మిగిలిన చెట్లకి ప్రహరీ పగలగొట్టి క్రేను తెస్తారట. గోడ రెండురోజుల్లో మళ్ళీ కట్టొచ్చట. ఇది ముందే ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. తోస్తే నా చేతికి పనేముంది?

డిసెంబర్ 6

ఆవిడకి తమ్ముడే చెప్పాడు. రాత్రికి ఇంటికి రాలేదు.

డిసెంబర్ 7

రాలేదు.

డిసెంబర్ 8, సోమవారం

పొద్దున్నే చొక్కా వేసుకుంటుంటే తలుపు చప్పుడైంది. ఆవిడ. అమ్మాయి అప్పటికే తయారై బయట నిలబడి ఉంది, పైవాళ్ళు రమ్మన్న టైమైపోతోంది. చలికి నా వేళ్ళు కొసలదాకా సుద్దలా ఉన్నాయి. గుండీలు ఒక్కటీ పెట్టలేకపోయాను.

ఆవిడ చేతిసంచీ కింద పెట్టింది. దగ్గరికొచ్చింది. నా మొహం చూడలేదు. పై గుండీ నుంచి మొదలుపెట్టింది. ఆ కాజాలు నిజంగానే ఇరుకుగా లేవు. ఏదన్నా అంటుందేమోనని చూశాను. ఆమె తల నా గడ్డం కింద ఉంది, జుట్టు ఆసుపత్రి వాసన వేస్తోంది.

ఆఖరి గుండీ పెట్టి, చొక్కా అంచు సరిచేసింది.

“అక్కడ వాడికి మేజోళ్ళు తొడిగి వచ్చాను,” అంది. సంచీ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.